డాక్టర్ చదువు సరే, తమ్ముడి సంగతేంటి?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ అయ్యాక ఏడేళ్లు గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోట్లలో, చెన్నై హోటళ్లలో, భువనేశ్వర్‌లో అంబులెన్సు మీద పనిచేసి ఇంటికొచ్చాను. నాన్నకి డయాలసిస్ జరుగుతోంది. డిగ్రీ మధ్యలో మానేసిన తమ్ముడే ఆయన్ని ఆసుపత్రికి తిప్పుతున్నాడు. నాకు డాక్టర్ అవ్వాలని ఉంది. 25 ఏళ్లకి ఆలస్యమా? తిరిగిన ఏళ్లు పనికొస్తాయా? కోచింగ్‌కి తన పేరున అప్పు తీయమంటే తమ్ముడు మాట్లాడ్డం మానేశాడు.

జవాబు: వయసు గొడవ వదిలెయ్ బాబూ. డాక్టర్ సీటుకి రాసే నీట్ పరీక్షకి గరిష్ఠ వయోపరిమితి 2022లోనే ఎత్తేశారు. నువ్వు ఊళ్లు పట్టింది ఇంటర్ తరవాతే కాబట్టి సొంత ప్రాంతం వాళ్లకి ఉంచే సీట్లకి కావాల్సిన లోకల్ హోదాకీ బెంగ లేదు. 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసిపెట్టుకో.

తిరిగిన ఏళ్లకి సీటు దగ్గర విలువ సున్నా. ఇంటర్వ్యూ ఉండదు, 720కి ఎన్నొచ్చాయన్నదే లెక్క. అందులో 360 బయాలజీవి. ఇన్నేళ్ల తరవాత పుస్తకం పట్టినవాళ్లని ముంచేది ఫిజిక్స్. లెక్క తేలక గుడ్డిగా బబుల్ దిద్దితే తప్పుకి ఒక మార్కు చొప్పున కోత. సీటొచ్చి వార్డులో అడుగుపెట్టాక మాత్రం నీ తిరుగుడు అక్కరకొస్తుంది. ఒళ్లు నొప్పులకి ఏ మాత్రలు, ఎన్నాళ్లు మింగావని బోటు కూలీని అడగాలని నీకు వెంటనే తడుతుంది. నొప్పి మాత్రలు కిడ్నీల్ని దెబ్బతీస్తాయి, ఆ మాట రోగి తనంతట తాను చెప్పడు.

ఇక తమ్ముడు. నాన్న బరువు డయాలసిస్‌కి ముందెంత, తరవాతెంత? రోజుకి ఎన్ని నీళ్లు తాగొచ్చు? ఫిస్టులా వేసిన (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన) చేతి మీద వేళ్లు పెడితే సన్నగా అదురు తగలాలి. అది ఆగితే ఆ పూటే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, బరువు మొయ్యనివ్వకూడదు. చుట్టాలు ప్రేమగా కొట్టిచ్చే కొబ్బరిబొండం ఆయనకి ప్రమాదం. అందులోని పొటాషియం బయటికి పోక గుండె లయ తప్పుతుంది. కొబ్బరితోటల ఉద్దానంలో పుట్టి బొండం వద్దని నలుగురిలో చెప్పడం ఎంత కష్టమో ఆలోచించు. ఇవన్నీ నీ తమ్ముడికి తెలిసే ఉంటాయి. డాక్టర్ అవుతానంటున్న నీకు తెలుసా?

చదువు మానుకుని నాన్నని చూసుకుంటున్న పిల్లాడి పేరున అప్పు అడగడానికి నీకు నోరెలా వచ్చింది? వాడు అలగలేదు, అలిసిపోయాడు. పెద్దకొడుకు పని ఇన్నాళ్లూ చిన్నవాడు చేశాడు.

వచ్చే వారం నుంచి డయాలసిస్ రోజులు నువ్వు తీసుకో. మొదటి రెండుసార్లు వాణ్ణి వెంటబెట్టుకుని పని నేర్చుకో. మిషన్ మీద నాన్న ఉండే నాలుగు గంటలూ పక్కన కూర్చుని ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ చదువు. ఇంటి దగ్గర రోజూ ఫిజిక్స్ లెక్కలు చెయ్యి. ఆరు నెలలయ్యాక పాత ప్రశ్నపత్రాలు 180 నిమిషాలు గడియారం పెట్టుకుని రాయి. మార్కులు పెరుగుతుంటేనే కోచింగ్ మాట, అదీ నువ్వు సంపాదించిన డబ్బుతో. పెరగకపోతే డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు చూడు, మన జిల్లాలో పనికి లోటుండదు.

అప్పు మాట ఇక ఎత్తకు. వాడి డిగ్రీ ఏ సెమిస్టర్‌లో ఆగిందో, మిగిలిన పేపర్లు రాయడానికి గడువుందో లేదో కాలేజీకెళ్లి నువ్వే కనుక్కుని, ఆ ఫీజు ముందు కట్టు.