కాలుష్యం ఎటు పోతుందో కంప్యూటర్ చెప్తుందా? ముందు బోరు వేయించిన రైతుని అడగండి

"మా ఊరి పక్కన ఫ్యాక్టరీ నీళ్లు భూమిలోకి దిగుతున్నాయి. మీ బోర్ల దాకా రావడానికి 20 ఏళ్లు పడుతుందని కంప్యూటర్ మోడల్ వేసి రిపోర్టు ఇచ్చారు. నమ్మొచ్చా?" అని ఒక ఊరివాళ్లు అడిగారు. ఆ 20 అనే అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్లు చెప్పేదాకా నమ్మకండి.

నేను ఎమ్మెస్సీ జియాలజీ అయిన కొత్తలో ఒక కన్సల్టెన్సీలో ఇదే పని చేశాను. సంగారెడ్డి జిల్లాలో ఫ్యాక్టరీల పక్కన ఒక ఊరు. నీటి ప్రవాహానికి మాడ్‌ఫ్లో, కాలుష్యానికి ఎంటీ3డీ అనే కంప్యూటర్ ప్రోగ్రాములు వాడాం. నేలని 100 మీటర్ల గళ్లుగా కోశాం. పైన మొరం పొర, కింద పగుళ్ల బండ పొర. నీటిమట్టాలు వేసి చూస్తే వాలు తూర్పుకి, వాగు వైపు. స్క్రీన్ మీద కాలుష్యాన్ని చూపే ఎర్రమరక కూడా అటే మెల్లగా సాగింది. ఉత్తరం చేలు నీలంగా, శుభ్రంగా కనిపించాయి.

ఆ ఉత్తరం చేలల్లోనే ఒక పెద్దాయన బోరు ఉంది. మోటారు వేయగానే నీళ్లు లేత పసుపు రంగులో వచ్చాయి. పైపు మూతి దగ్గర నురగ ఆగింది, పగిలిపోవడం లేదు. మడి గట్ల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. నీళ్లలో కరిగిన ఉప్పులు ఎక్కువైతే అంకె పెరిగే ఈసీ మీటరు ముంచితే 4,800 చూపించింది. ఊరికి ఎగువన ఉన్న బోర్లలో 900 దాటలేదు.

మా మ్యాపు చూపిస్తే ఆయన కాసేపు చూసి అన్నాడు: "సారూ, నేను బోరేయించిన నాడు నూట డెబ్బై ఫీట్ల కాడ గ్యాప్ తగిలింది. గప్పుడే గా ఫ్యాక్టరీ గోడ పక్కనున్న పాత బోరుకెల్లి గాలి, నీళ్లు బుస్సుమని ఎగజిమ్మినయ్. మూతకు కట్టిన గోనెసంచి ఎగిరి కంపల పడ్డది. అంటే లోపల తొవ్వ ఉన్నట్టే గద?"

ఉన్నట్టే. గ్యాప్ అంటే బండలోని పగులు. బోరు లారీ కంప్రెసర్ గాలి రెండు బోర్ల మధ్య ఓ నూట యాభై మీటర్లు పగులు వెంట పోయిందంటే నీళ్లూ పోతాయి. నేను మోడల్లో రాయించిన ఏ అంకె కన్నా అది గట్టి సాక్ష్యం. ఆఫీసుకొచ్చి చెబితే "రైతు మాటని డేటాగా ఎలా రాస్తాం?" అన్నారు. పుస్తకంలోంచి ఎత్తిన అంకె డేటా అట, కళ్లారా చూసిన మనిషి మాట కాదట. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

ఇంతకీ మీ 20 ఏళ్ల సంగతి. రాయి నీటిని పోనిచ్చే గుణం రోజుకి 1 మీటరు, నీటిమట్టం వాలు కిలోమీటరుకి 10 మీటర్లు అనుకోండి. డార్సీ అనే ఫ్రెంచ్ ఇంజనీరు 1856లో చెప్పిన సూత్రం ప్రకారం ఈ రెంటినీ గుణించి, వచ్చినదాన్ని రాయిలో నీరు కదలగల ఖాళీ ఎంతో దానితో భాగించాలి. ఖాళీ 10 శాతం అని వేస్తే కాలుష్యం ఏడాదికి 36 మీటర్లు నడుస్తుంది, 1 శాతం అని వేస్తే 365 మీటర్లు. అంటే ఫ్యాక్టరీకి మీ బోరు 700 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, అక్కడిదాకా రావడానికి ఒక లెక్కలో దాదాపు 20 ఏళ్లు, ఇంకో లెక్కలో రెండేళ్లు. మన గ్రానైట్ పగుళ్లకి 10 శాతం అనేది అసలు కుదరని అంకె. రిపోర్టులో ఆ ఒక్క అంకె వెతకండి. రంగుల బొమ్మలు తర్వాత చూడొచ్చు.

వాగు సంగతీ అడగండి. మోడల్లో చాలాసార్లు వాగుని నీళ్లు తీసుకుపోయే కాలువగానే చూపిస్తారు. పటాన్‌చెరు దగ్గర నక్కవాగులోకి ఏళ్ల తరబడి ఫ్యాక్టరీ నీళ్లు వదిలారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకి కూడా వెళ్లింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లు ఆ ప్రాంతానికి ఇలాంటి మోడలే చేశారు. వాగే మురికిదైతే, ఒడ్డున బోర్లు తోడేకొద్దీ ఆ మురికి వెనక్కి చేలలోకి వస్తుంది. అప్పుడు కాలుష్యం ఒక్క ఫ్యాక్టరీ గోడ దగ్గరే మొదలైందని ఎలా అంటాం?

ఇంకో బాధ చెప్పాలి. ఇన్ని లక్షల బోర్లు వేశారు, చాలా ఊళ్లలో సరైన రికార్డు లేదు. బోరు లారీ వెళ్లిపోయాక మిగిలేది ఎన్ని ఫీట్లు, ఎంత కేసింగ్ అని రాసిన బిల్లు ఒక్కటే. మొరం ఎక్కడ అయిపోయింది, గ్యాప్ ఎక్కడ తగిలింది, ఏ పక్క బోరు బుసకొట్టింది, ఇవి ఎవరూ రాయరు. మీ ఊళ్లో ఇంకా గుర్తున్న ముసలివాళ్లుంటే ఈ వారమే కూర్చుని నోట్‌బుక్కులో రాసుకోండి. రెండు మూడు వేలు పెడితే ఈసీ మీటరు వస్తుంది. నెలకోసారి ప్రతి బోరూ కొలిచి తేదీ వేయండి. రిపోర్టు ఇచ్చినవాళ్ల ముందు అది పెట్టి, మీ మోడల్ ఈ అంకెల్ని చూపిస్తుందా అని అడగండి.

ఆ పెద్దాయన చేనుకి మరుసటేడు వెళ్లాను. మోటారు పైకి లాగేశారు. కేసింగ్ పైపు మూతి మీద బండరాయి పెట్టి ఉంది.