మీ ప్రశ్నలకు జవాబులు: సైబర్ భద్రత చదువులో మనిషి పాఠం

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే సెమిస్టరుకు మా విశ్వవిద్యాలయం ‘సైబర్ భద్రతలో మానవ అంశాలు’ అనే కోర్సును ఐచ్ఛికంగా పెట్టింది. మనుషులు జాగ్రత్తగా ఉండాలని చెప్పడానికి ఒక సెమిస్టరంతా ఎందుకని, దానికి బదులు క్రిప్టోగ్రఫీ (సంకేత లిపుల శాస్త్రం) తీసుకోమని సీనియర్లు సలహా ఇస్తున్నారు. ఈ కోర్సులో నిజంగా చదవవలసినది ఉందా?
— ఒక విద్యార్థిని

జవాబు: అది జాగ్రత్తలు బోధించే కోర్సే అయితే, అమ్మా, నేనూ వద్దనే చెబుతాను. అయితే ఈ శాస్త్రం అడిగే ప్రశ్న వేరు. తెలివీ శ్రద్ధా ఉన్నవారు సైతం ఒక భద్రతా ఏర్పాటు ముందు మళ్లీ మళ్లీ ఒకే చోట తడబడుతున్నారంటే, ఆ ఏర్పాటులో ఉన్న లోపమేమిటన్నది అది వెతుకుతుంది. ఈ చూపు విమానాల నుంచి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బి-17 విమానాలను క్షేమంగా నేలకు దించిన పైలట్లు, రెక్కల ఫ్లాపులను మూయబోయి చక్రాలను లోపలికి ముడుస్తుండేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌ను పరిశీలించి, ఆ రెండింటి మీటలు పక్కపక్కనే ఒకే తీరుగా ఉన్నాయని గుర్తించాడు. చేతికి తగలగానే తేడా తెలిసేటట్టు వాటి పిడుల ఆకారాలను మార్చాలన్నది ఆయన కనుగొన్న పరిష్కారం. పైలట్లకు అదనపు శిక్షణ ఇవ్వడంతో సరిపెట్టుకొని ఉంటే ఆ ప్రమాదాలకు మూలం అక్కడే ఉండిపోయేది.

మీ సీనియర్లు మెచ్చుకొనే క్రిప్టోగ్రఫీలోనే ఈ ఆలోచనకు పాత వేరు ఉంది. సైనిక సంకేత లిపికి ఉండవలసిన లక్షణాలను 1883లో చెప్పిన అగస్ట్ కెర్క్‌హాఫ్స్, అది వాడేవారి బుద్ధిని శ్రమపెట్టకుండా, పొడవైన నియమాల జాబితాను గుర్తుంచుకోనవసరం లేకుండా సులభంగా ఉండాలని కూడా కోరాడు. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ తమ ప్రసిద్ధ వ్యాసంలో వివరించిన రక్షణ సూత్రాలలోనూ, మనిషి మనసు ఒప్పుకొనేటట్టు ఏర్పాటు ఉండాలన్నది ఒకటి. మిగిలిన సూత్రాలను చాలామంది విద్యార్థులు కంఠస్థం చేస్తారు గాని, దీనిని మాత్రం చదివి వదిలేస్తారు.

వదిలేస్తే ఏమవుతుందో 1999లో రెండు అధ్యయనాలు చూపించాయి. అల్మా విట్టెన్, డగ్ టైగర్ 12 మందికి పీజీపీ 5.0 అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఇచ్చి, సంతకంతో కూడిన రహస్య సందేశాన్ని పంపడానికి 90 నిమిషాల గడువు పెట్టారు. ఆ పనిని సరిగా చేయగలిగినవారు మూడింట ఒక వంతు మాత్రమే కాగా, ముగ్గురైతే దాచవలసిన సమాచారాన్ని పొరపాటున సాదా మెయిలులోనే పంపించారు. ఆ సాఫ్ట్‌వేర్ గణితంలో లోపం లేదు. అందరికీ ఇచ్చే పబ్లిక్ కీ, తన దగ్గరే దాచుకొనే ప్రైవేట్ కీ అన్న భావనలను తెర మీద అర్థమయ్యేటట్టు చూపలేకపోవడమే లోపం. అదే సంవత్సరం ఆన్ ఆడమ్స్, ఏంజెలా సాస్ సంస్థల ఉద్యోగులను ప్రశ్నించి, అనేక పాస్‌వర్డ్‌లను గుర్తుంచుకోవాలన్న, తరచూ మార్చాలన్న నిబంధనలే వారిని కాగితం మీద రాసుకొనే స్థితికి నెట్టాయని తేల్చారు. వాడుకరి శత్రువు కాడన్న వారి మాటను ఈ రంగానికి మొదటి అక్షరంగా నేను భావిస్తాను.

పాస్‌వర్డ్ కథ అక్కడితో ఆగలేదు. గడువు తీరగానే పాస్‌వర్డ్ మార్చాలన్న నిబంధనను నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో 7,700కు పైగా పాత ఖాతాలతో పరీక్షించారు. ముందరి పాస్‌వర్డ్ తెలిసినవారు సుమారు 17 శాతం ఖాతాలలో కొత్తదానిని ఐదు ప్రయత్నాల లోపే ఊహించగలరని తేలింది. చివరి అంకెను ఒకటి పెంచడం, ఒక అక్షరానికి బదులు గుర్తు పెట్టడం వంటి చిన్న మార్పులతోనే జనం సరిపెట్టుకొంటున్నారు మరి. పెద్దక్షరం, అంకె, ప్రత్యేక గుర్తు కలపాలన్న అలవాటుకు ఊతమిచ్చిన అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003 నాటి సూచనలను రాసిన బిల్ బర్, తాను చేసినదానిలో చాలా భాగానికి ఇప్పుడు చింతిస్తున్నానని 2017లో ఒక పత్రికతో ఒప్పుకొన్నాడు. అక్షరాల మిశ్రమాన్ని గాని, కారణం లేకుండా గడువు ప్రకారం మార్పును గాని విధించవద్దని నిస్ట్ ఆ సంవత్సరమే తన మార్గదర్శకాలను సవరించింది. కోట్లాది మంది రోజూ పడిన శ్రమను కొలతలూ ఆధారాలూ తగ్గించగలిగాయన్న విషయం ఒక్కటే నన్ను ఈ బోధనలో నిలిపి ఉంచింది.

కోర్సును ఎంచుకొనే ముందు పాఠ్య ప్రణాళిక తెప్పించుకొని చూడండి. విద్యార్థులు స్వయంగా ఇంటర్వ్యూలు చేసి, ఒక హెచ్చరికనో లాగిన్ పద్ధతినో నిజమైన వాడుకరులతో పరీక్షించి, ఫలితాలను గణాంకాలతో విశ్లేషించే ప్రాజెక్టు అందులో ఉండాలి. పరిశోధన నైతికతకు తగిన సమయం ఇచ్చారో లేదో కూడా గమనించండి, ఎందుకంటే మోసపు మెయిలుకు మనుషులు ఎలా స్పందిస్తారో తెలుసుకోవాలంటే పరిశోధకుడు కొన్నిసార్లు వారికి ముందుగా నిజం చెప్పలేడు. ఆ పని ఏ అనుమతితో చేయాలో, అయిపోయాక వారికి అంతా ఎలా వివరించాలో నేర్పకపోతే ఆ కోర్సు అసంపూర్ణమే. ఇవి ఉంటే నిస్సంకోచంగా చేరండి. క్రిప్టోగ్రఫీని మానవలసిన పని లేదు, రెండూ చదివినవారు చాలా తక్కువ.

ప్రశ్న: మనస్తత్వ శాస్త్రంలో డిగ్రీ చేశాను, ప్రోగ్రామింగ్ రాదు. ఇటువంటి కోర్సును అందుకోగలనా?
— ఒక పట్టభద్రుడు

జవాబు: అందుకోగలరు. ప్రయోగ రూపకల్పన, ప్రశ్నావళి తయారీ, గణాంక పరీక్షలు మీకు ఇప్పటికే వచ్చు. కంప్యూటర్ విద్యార్థులు ఎక్కువగా తడబడేది అక్కడే. పాస్‌వర్డ్‌లను హ్యాష్ చేసి (తిరిగి రాబట్టలేని రూపానికి మార్చి) ఎందుకు దాచుతారో, బ్రౌజర్ ఒక సైటును ఎలా ధ్రువీకరించుకొంటుందో, రెండంచెల ధ్రువీకరణ ఏ దాడిని ఆపి ఏ దాడిని ఆపలేదో తరగతులు మొదలయ్యేలోగా చదువుకొంటే చాలు.

ప్రశ్న: మా కార్యాలయంలో పరీక్ష కోసం నకిలీ ఫిషింగ్ (లింకు నొక్కించి మోసగించే) మెయిళ్లు పంపుతారు. ఒకసారి నేను లింకు నొక్కాను. మరుసటి సమావేశంలో అందరి ముందు నా పేరు తెర మీద చూపించారు. అప్పటి నుంచి అసలైన మెయిళ్లను తెరవాలన్నా చేయి వణుకుతోంది. నా తెలివితక్కువతనానికి ఈ చదువులో మందు ఉందా?
— ఒక ఉద్యోగిని

జవాబు: మీరు తెలివితక్కువవారు కారు, ముందుగా ఆ మాటను మనసులో నుంచి తీసేయండి. 2008లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మందికి నకిలీ మెయిళ్లు పంపినప్పుడు 97 శాతం మంది కనీసం ఒకదానికైనా మోసపోయారు. పనిని అడ్డుకొని నిలిచే బ్రౌజర్ హెచ్చరిక కనిపించినప్పుడు 79 శాతం మంది వెనక్కు తగ్గగా, ఒక పక్కన వచ్చి పోయే హెచ్చరికను ఒక్కరు మాత్రమే పట్టించుకొన్నారు. రెండు చోట్లా మనుషులు ఒకే రకంవారే, హెచ్చరిక తీరు మారితే ఫలితం అంతగా మారింది.

తప్పులలో రకాలున్నాయని ఈ కోర్సులలో బోధిస్తారు. జేమ్స్ రీజన్ చేసిన విభజనలో ఉద్దేశం సరైనదే అయినా చేయి జారడం ఒకటి, పరిస్థితినే తప్పుగా అర్థం చేసుకోవడం మరొకటి, తెలిసి నియమాన్ని దాటడం ఇంకొకటి. బిల్లు కోసం ఎదురుచూస్తున్నవారికి బిల్లు పేరుతో నకిలీ మెయిలు వస్తే నొక్కడం మొదటి రెండింటిలో ఏదో ఒకటి అవుతుంది గాని, నిర్లక్ష్యం కాదు. పేరు తెర మీద పెట్టడం వీటిలో దేనినీ సరిచేయదు సరికదా, రేపు నిజమైన దాడిలో లింకు నొక్కినవారు నోరు మెదపకుండా చేస్తుంది. దాడి జరిగాక భద్రతా బృందానికి అన్నిటికంటే విలువైనది మొదటి ఫిర్యాదు ఎంత త్వరగా అందిందన్నదే. దానిని మీ సంస్థ తన చేతులతో పోగొట్టుకొంటోంది.

మీ పై అధికారితో ఈ మాట మాట్లాడదలిస్తే, ఎంతమంది నొక్కారన్నదానితో పాటు ఎంతమంది అనుమానించి తెలియజేశారో, ఎన్ని నిమిషాలలో తెలియజేశారో కూడా లెక్కించమని అడగండి. అనుమానపు మెయిలును ఒక్క మీటతో పంపే సదుపాయం ఉందా అని కూడా అడగండి. కోర్సులో చేరాలనుకొంటే, సంస్థల నియమాలను, ఉద్యోగులపై వాటి భారాన్ని బోధించే భాగం ఉన్నదానిని ఎంచుకోండి. ఈ సంఘటననే, పేర్లు తీసేసి, మీ ప్రాజెక్టుగా తీసుకోవచ్చు.