స్వామి చేతుల్లో తామర మొగ్గలే ఎందుకు?

ప్రశ్న: అమ్మగారూ, రథసప్తమికి అరసవల్లి వెళ్లాను. స్వామి రెండు చేతుల్లోనూ తామర మొగ్గలే ఉన్నాయి. మా ఇంట్లో పటంలో మాత్రం నాలుగు చేతులు, శంఖచక్రాలు. ఏది సరైనది? ఆయుధం లేని దేవుడేమిటి?
– డిగ్రీ విద్యార్థిని, పలాస

జవాబు: రెండూ సరైనవే తల్లీ. మీ పటంలో ఉన్నది సూర్యమండలం మధ్యలో కొలువున్న నారాయణుడు. సంధ్యావందనంలో చదివే 'ధ్యేయస్సదా' శ్లోకం ఆయనకు శంఖచక్రాలు చెప్పింది. అరసవల్లి నల్లరాతి మూర్తి సూర్యుడిది. మన దక్షిణాది శిల్పులు ఆయనకు రెండే చేతులు చెక్కి, రెండింటా తామరలే పెడతారు. నువ్వు వెళ్లింది రథసప్తమినాడు, నిజరూప దర్శనం కాబట్టి చేతులు అంత స్పష్టంగా కనిపించాయి.

తామర ఎందుకంటావా, మన కవులు సూర్యుణ్ణి పిలిచిన పేరే కమలాప్తుడు, తామరలకు చుట్టం. మా ఊరి చెరువులో ఆ చుట్టరికాన్ని కళ్లారా చూశాను. తెల్లారకముందే నాయనమ్మ నన్ను గట్టు మీద కూర్చోబెట్టేది. మొగ్గలు పిడికిళ్లలా బిగుసుకుని ఉండేవి. ఎండ నీళ్ల మీదకు రాగానే ముందు కొసన ఒక్క రేక వదులయ్యేది. కాసేపటికి దాని పక్కది. పువ్వంతా విచ్చుకునేదాకా అక్కణ్ణుంచి కదలబుద్ధయ్యేది కాదు.

ఓసారి స్వామికిద్దామని ఒక మొగ్గను తూడుతో సహా తెంపి, అరసవల్లి దాకా నడిచాను. గుడి చేరేసరికి అది మెడ వాల్చేసింది. ఏడుపొచ్చేసింది. నీళ్లు వదిలిన తామరను ఆ సూర్యుడే వాడ్చేస్తాడని సుమతీ శతకంలో ఉంది కదా, ఆ పద్యం చదివి నాయనమ్మ లోపలికి చూపించింది. "ఆయన పట్టుకున్నవి వాడలేదు చూడు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ సరిపోతుంది. ఎండబెట్టే చెయ్యీ, పువ్వు విప్పే చెయ్యీ ఒక్కటే. అందుకే ఆ చేతిలో మొగ్గ ఉంది. ఆయన పక్కనున్న దేవేరుల్లో ఒకరి పేరూ పద్మే.

ఇక ఆయుధం సంగతి. అది పరివారం దగ్గర ఉంటుంది. సూర్యుడి ద్వారపాలకులు దండుడు, పింగళుడు. శాస్త్రం దండుడికి దండం, పింగళుడికి కలం ఇచ్చింది. మనం చేసేవన్నీ పింగళుడు రాస్తాడట. ఈసారి వెళ్లినప్పుడు స్వామి పాదాల వైపు చూడు. ఏడు గుర్రాలు, పగ్గాలు పట్టిన అనూరుడు, ఆ దగ్గరే ఈ ఇద్దరూ కనిపిస్తారు. రద్దీ లేని రోజు పొద్దున్నే వెళ్లు తల్లీ, నింపాదిగా చూడొచ్చు.