జైగావ్‌లో మోగిన హారన్ ఫుంత్‌షోలింగ్‌లో ఎందుకు ఆగింది?

సొంత కారులో సరిహద్దు దాటి మరో దేశంలో అడుగుపెట్టినప్పుడు మొట్టమొదట ఏం గమనించారని నన్ను కొందరు అడిగారు. భారత్‌లోనూ భూటాన్‌లోనూ బండి ఎడమవైపే నడుస్తుంది, అక్కడ మన రూపాయీ చెల్లుతుంది కాబట్టి, నాకు కొత్తగా తోచింది మనుషుల నడవడిక ఒక్కటే.

విశాఖపట్నం నుంచి బయలుదేరి, సిలిగుడి, హాసిమారా మీదుగా నాలుగో రోజు మధ్యాహ్నానికి భారత్ వైపు సరిహద్దు ఊరైన జైగావ్ చేరుకున్నాం. ఆ బజారులో లారీలు, ఆటోలు, తోపుడు బళ్ల మధ్య అరగంట ఇరుక్కున్నాం. మా వెనక బెంగాల్ నంబరున్న తెల్ల కారు ఒకటి ఆ అరగంటా ఆపకుండా హారన్ కొడుతూనే ఉంది. తరువాత భూటాన్ గేటు దాటి ఫుంత్‌షోలింగ్‌లోకి ప్రవేశించాం. నూరు గజాలైనా వెళ్లకముందే జీబ్రా గీతల దగ్గర ముందు బండి ఆగింది. ఒక ముసలావిడ ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని, ఏ తొందరా లేకుండా రోడ్డు దాటుతోంది. అలవాటు కొద్దీ నా చెయ్యి హారన్ మీదికి వెళ్లింది గాని, చుట్టూ ఎవరూ మోగించకపోవడంతో వెనక్కి తీసుకున్నాను. అద్దంలో చూస్తే మా వెనక అదే తెల్ల కారు, అదే డ్రైవరు, చప్పుడు చేయకుండా ఆగి ఉన్నాడు. వెనక సీట్లోంచి మా అమ్మ, "ఇక్కడ ఎవలూ హారన్ కొట్టరేట్రా?" అని అడిగింది.

భూటాన్‌లో జనం తక్కువ, అందుకే ప్రశాంతత అని వాదించేవారు ఆ రెండు ఊళ్లను ఒకసారి చూడాలి. మధ్యలో ఉన్నది ఒక గోడ, ఒక గేటు మాత్రమే. ఎండ ఒకటే, సరుకులూ చాలావరకు అవే. అటువైపు పదిమంది ఓపికగా ఆగితే పదకొండోవాడు కూడా ఆగుతాడు, ఇటువైపు పదిమంది మోగిస్తే వాడూ మోగిస్తాడు. మన నగరాల రొదకు ఇరుకు రోడ్లను తప్పుపట్టడం నాకు ఎన్నడూ నచ్చలేదు.

కాగితాల విషయంలో మాత్రం ఒక మాట చెప్పాలి. ఆధార్ కార్డు చాలని మాకు ఏజెంటు భరోసా ఇచ్చాడు, కాని భూటాన్ అనుమతికి పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని కావాలి. అమ్మ ఓటరు కార్డు ఆవిడ సంచిలో ఉండబట్టి గట్టెక్కాం. పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు ఇలాంటి నోటి మాటలను నమ్మి బయలుదేరకండి. ఒక్కొక్కరికి రాత్రికి 1,200 రూపాయల పర్యాటక రుసుమును కూడా లెక్కలో వేసుకోండి.

మర్నాడు థింపూకి వెళ్లే కొండదారిలో, గేదు దగ్గర కమ్మిన పొగమంచులో, మా నెమ్మది నడకకు విసుక్కోకుండా ఒక లారీ చాలాసేపు వెనకే వచ్చింది. 1961లో మన సరిహద్దు రహదారుల సంస్థ ప్రారంభించిన 'దంతక్' ప్రాజెక్టు వేసిన దారి అది. అంటే రోడ్డు వేసినవారు మనవారే, దాని మీద ఓపికగా నడిచేవారు వాళ్లు. థింపూలో ట్రాఫిక్ సిగ్నల్ దీపాలు లేవు. కూడలిలో నిలబడిన పోలీసు చేతి సైగకే బండ్లన్నీ ఆగుతున్నాయి.

తిరిగి వచ్చాక జగదాంబ కూడలి దగ్గర జీబ్రా గీతల ముందు కారు ఆపుతున్నాను. వెనకవాళ్లు మోగిస్తూనే ఉంటారు, రోడ్డు దాటేవారు మొదట నమ్మలేక నావైపు చూస్తారు, ఆ తరువాత దాటతారు.