పాత కారులో మొదలుపెడితే వెనకబడిపోతాడా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. కార్టింగ్‌లో (చిన్న రేసు బండ్ల పోటీల్లో) బాగా నడుపుతున్నాడు. మన దేశంలో తొలిమెట్టు కారు రేసింగ్ అయిన ఫార్ములా ఎల్‌జీబీ 4లో చేర్పిద్దామంటే, అవి పాత కార్లు, నేరుగా ఎఫ్4కి (కొత్త తరం ఫార్ములా 4 రేసులకి) పంపితేనే భవిష్యత్తు అంటున్నారు. ఎకరం పొలం అమ్మి పంపమంటారా? ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: ముందు పొలం సంగతి. అమ్మకండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఒకరు పైలట్ కోర్సు అంటారు, ఇంకొకరు విదేశంలో మెడిసిన్ అంటారు. లోపలి భయం మాత్రం ఒకటే: రేపు వాడు ‘ఆ రోజు నాన్న వెనకాడాడు’ అంటాడేమోనని. మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ బ్రేక్ తొక్కే ప్రతిసారీ అమ్మేసిన పొలం గుర్తొస్తుంటే ఆ పిల్లాడు ఏం నడుపుతాడండీ? పదిహేడేళ్లవాడి నెత్తిన అంత బరువు పెట్టడం తప్పు.

ఎల్‌జీబీ కారు పాత రకమే. 1300 సీసీ మారుతి సుజుకి ఇంజిన్, రెక్కలు ఉండవు. గాలి కారును ట్రాక్‌కి అదిమిపట్టదు కాబట్టి మలుపులో టైర్ల పట్టునే నమ్ముకోవాలి. ఒకసారి వేగం పోతే మళ్లీ అందుకునేంత పవర్ ఉండదు. పైగా అందరివీ ఒకే రకం కార్లు. నేర్చుకునే వయసులో ఇంతకన్నా ఏం కావాలి? నరైన్ కార్తికేయన్ మొదలుపెట్టింది మారుతి 800 విడిభాగాలతో చేసిన ఫార్ములా మారుతి కారులో. 2005లో ఫార్ములా వన్ చేరాడు.

ఎఫ్4 కారు కొత్తది, డ్రైవర్ తల చుట్టూ హేలో అనే లోహపు చట్రం రక్షణగా ఉంది. అది చిన్న విషయం కాదు. కానీ ‘ఎఫ్4 ఆడితే ఫార్ములా వన్‌కి దారి పడినట్టే’ అన్న ప్రచారమే నాకు నచ్చదు. ఫార్ములా వన్‌లో నడపాలంటే ఉండాల్సిన సూపర్ లైసెన్స్‌కి, కింది మెట్ల పోటీల్లో సంపాదించే పాయింట్లు 40 కావాలి. ఎఫ్4 ఛాంపియన్ అయినా 12కి మించి రావు. ఆ పైమెట్లన్నీ విదేశాల్లో, కోట్ల ఖర్చుతో. ఇంతవరకూ ఫార్ములా వన్ రేసుల్లో నడిపిన భారతీయులు నరైన్, కరుణ్ చంధోక్ ఇద్దరే. ఈ లెక్క మీకెవరైనా చెప్పారా? మీరైనా అడిగారా?

కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో ఒక కుర్రాణ్ని చూశాను. ప్రాక్టీస్ అయ్యి హెల్మెట్ తీశాడో లేదో, నీళ్లు కూడా తాగకుండా మోకాళ్ల మీద కూర్చుని నాలుగు టైర్ల గాలి కొలిచి, అంకెలు అరచేతి మీద రాసుకున్నాడు. మీవాడిలో ఆ ఆసక్తి ఉంటే డ్రైవర్ కాకపోయినా ఈ రంగంలో చోటుంది. మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతూ తాము కట్టిన కార్లతో ఫార్ములా భారత్ పోటీకి అదే ట్రాక్‌కి వచ్చే పిల్లలు బోలెడంతమంది. కాబట్టి ఇంటర్ పరీక్షలు వదిలేయనివ్వకండి.

ఒక రేసుకి వాడితో కలిసి వెళ్లండి. రెండు రోజులు పిట్‌లో, అంటే జట్లు కార్లు సరిచేసుకునే చోట, నిలబడండి. సీజన్ ఖర్చెంత, కారు గుద్దితే రిపేరు ఎవరి మీద పడుతుంది అన్నది జట్టువాళ్ల చేత కాగితం మీద రాయించుకోండి. ఆ మొత్తం మీ సంపాదనలోంచి రాదనిపిస్తే ఈ ఏడాదికి కార్టింగే చాలు. వాడికింకా వయసుంది, కంగారు పడకండి.