పుండులో పురుగులు: మందా, ముప్పా?

ప్రశ్న: మా మామగారికి అరవై ఎనిమిదేళ్లు. చాలాకాలంగా షుగరు ఉంది. మడమ మీద పుండు ఎంతకీ మానడం లేదు. గత నెల కట్టు విప్పితే లోపల తెల్లటి పురుగులు కదులుతున్నాయి. ఆయనకు ఆ సంగతే తెలియలేదు. ఆసుపత్రిలో టర్పెంటైన్ వేసి తీశారు. ఇప్పుడు మా బంధువు ఒకాయన వచ్చి, "అమెరికాలో, ఇంగ్లండులో ఆ పురుగులతోనే పుండ్లు మాన్పుతున్నారు. వాటంతటవే వస్తే తీయించేశారా?" అన్నారు. అప్పటినుంచి మా అత్తగారు దిగులు పెట్టుకున్నారు. ఆయన మాట నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: తీయించి మంచి పని చేశారమ్మా. ముందు ఆ మాట అత్తగారికి చెప్పి రండి, మిగతాది తీరిగ్గా చదువుదురుగాని.

మీ బంధువు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. వైద్యంలో సగం నిజాలతోనే మాకు ఎక్కువ తంటా. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, ఫ్రాన్సులో విలియం బేర్ అనే అమెరికన్ ఎముకల సర్జన్ దగ్గరకు ఇద్దరు సైనికులను తెచ్చారు. తొడ ఎముకలు విరిగి బయటపడ్డాయి, పొట్ట దగ్గర పెద్ద గాయాలు. ఏడు రోజులు తిండీ నీళ్లూ లేకుండా యుద్ధభూమిలోనే పడి ఉన్నారు. అలాంటి గాయాలతో బతికేవాళ్లే అరుదైన కాలంలో వాళ్లకు జ్వరం కూడా లేదు. బట్టలు తీసి చూస్తే గాయాల నిండా పురుగులు. కడిగేస్తే అడుగున చీముకు బదులు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్న కొత్త కండ. బేర్ దాన్ని మరిచిపోలేదు. 1929లో బాల్టిమోర్‌లో ఎముకకు చీము పట్టిన పిల్లలకు ఈగ పురుగులతో చికిత్స మొదలుపెట్టారు. ఫలితాలు బాగున్నాయి గాని కొందరికి ధనుర్వాతం సోకింది. ఈగ ఎక్కడెక్కడ వాలి వస్తుందో మనకు తెలియనిదా! అప్పటినుంచి గుడ్లను క్రిమిరహితం చేసి, పరిశుభ్రంగా పొదిగించిన పురుగులనే వాడసాగారు. మీ బంధువు వదిలేసిన సగం ఇదే.

ఇప్పుడు వాడేది లుసీలియా సెరికాటా అనే మెరిసే ఆకుపచ్చ ఈగ పిల్లలను. దీని ప్రత్యేకత ఏమిటంటే, చచ్చిన కండనే తింటుంది, బతికి ఉన్న కండ జోలికి దాదాపు పోదు. రెండు మిల్లీమీటర్లు కూడా లేని పిల్లలను చదరపు సెంటీమీటరుకు అయిదు నుంచి పది చొప్పున పుండులో వేసి, పారిపోకుండా పైన సన్నటి వల బిగిస్తారు. గాలి మాత్రం ఆడనివ్వాలి. రెండు మూడు రోజుల్లో అవి సెంటీమీటరు దాకా బలుస్తాయి. అప్పుడు కడిగి తీసేస్తారు. అవి కొరికి నమలవు. జీర్ణరసాలను బయటికే వదిలి, కుళ్లిన కండను జావగా మార్చి పీల్చుకుంటాయి. ఆ రసాల్లో సూక్ష్మజీవులను చంపే పదార్థాలున్నాయి. వాటిలో ఒకటైన లుసిఫెన్సిన్‌ను చెక్ శాస్త్రజ్ఞులు 2010లో గుర్తించారు. మందులకు లొంగకుండా సూక్ష్మజీవులు పుండు మీద కట్టుకునే జిగురు పొరను కూడా ఆ రసాలు కరిగిస్తాయి. అమెరికా ప్రభుత్వం 2004లో వీటిని అనుమతించింది. అదీ మందుగా కాదు, వైద్య పరికరంగా! ఆ వర్గీకరణ నాకు భలే నచ్చుతుంది.

మరి మీ మామగారి పుండులో పడ్డవి? మన దగ్గర క్రైసోమియా బెజియానా అనే ఈగ ఉంది. పశువుల గాయాల్లో పురుగులు పడడానికి పెద్ద కారణం అదే. మనుషులనూ వదలదు. దాని పిల్లలకు కావలసింది బతికి ఉన్న కండ. మర మేకులా లోపలికి తొలుచుకుపోతాయి. జిల్లా ఆసుపత్రుల్లో పనిచేసిన కాలంలో ఇలాంటి పుండ్లు చాలా చూశాను. టార్చి వేస్తే ముందు పురుగు కనిపించదు, రంధ్రంలోంచి పైకి తేలిన దాని తోక కొన మీద రెండు నల్ల చుక్కలు కనిపిస్తాయి. అది ఊపిరి తీసుకునేది వాటితోనే. టర్పెంటైన్ తడిపిన గుడ్డ పెడితే ఊపిరాడక పైకి వస్తాయి, ఒక్కొక్కటీ చిమటాతో లాగాలి. కాస్త ఓపిక కావాలి. తెంపి లోపల వదిలేస్తే మళ్లీ బాధ. ఇది ఆసుపత్రిలో చేయవలసిన పని, ఇంట్లో టర్పెంటైన్ పోయకండి.

ఇంకో మాట. ఆ శుభ్రమైన పురుగులు కూడా పుండును మాన్పుతాయని గట్టిగా చెప్పలేం. ఇంగ్లండులో 267 మంది కాలి పుండ్ల రోగులపై చేసిన పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. మామూలు జెల్ కట్టుతో పోలిస్తే పురుగులు కుళ్లును త్వరగా తీసేశాయి, కాని పుండు మానడానికి పట్టిన కాలంలో తేడా లేదు. నొప్పి మాత్రం ఎక్కువైంది. కలుపు తీసినంత మాత్రాన పంట పండదు కదా, నీరు పారాలి. మీ మామగారి విషయంలో ఆ నీరు పాదానికి చేరే రక్తం. అది సరిగా అందుతోందో చెప్పే డాప్లర్ పరీక్ష చేయించండి. ఎముకకు చీము పట్టిందేమో ఎక్స్‌రే తీయించండి. షుగరు అదుపులో ఉండాలి, మడమ మీద బరువు పడకూడదు. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో కనుక్కోండి. పుండును ఎప్పుడూ తెరిచి ఉంచకండి, తడిసిన కట్టు వెంటనే మార్చండి. పగలు పడుకున్నా దోమతెర కట్టండి, ఈగలు తిరిగేది పగలే.

ప్రశ్న: కడుపులో పురుగులుంటే అలర్జీలు, ఆస్తమా రావని చదివాను. మా అబ్బాయికి తరచూ తుమ్ములు. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర మానేయమంటారా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మానకండి. ఆ ఆలోచన వెనుక శాస్త్రం ఉంది, నిజమే. పురుగు ఏళ్ల తరబడి మన పేగులో బతకాలంటే మన రోగనిరోధక శక్తిని జోకొట్టాలి, అందుకు తగిన పదార్థాలను అది స్రవిస్తుంది. అదే పనిలో అలర్జీ కూడా తగ్గుతుందేమోనని పంది కొరడా పురుగు గుడ్లను మనుషులచేత తాగించి చూశారు. 2005లో అమెరికాలో క్రోన్స్ జబ్బు (రోగనిరోధక శక్తి అదుపు తప్పి పేగులు వాచే జబ్బు) ఉన్న 29 మందిపై చేసిన చిన్న ప్రయత్నం ఆశ పుట్టించింది. తర్వాతి పెద్ద పరీక్షల్లో ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా కనబడలేదు. డెన్మార్క్‌లో పుప్పొడి అలర్జీ ఉన్న వంద మందిపై 2010లో వచ్చిన ఫలితమూ అంతే. పైగా అవి మనిషిలో ఎక్కువకాలం నిలవని పంది పురుగులు, డాక్టర్ల లెక్క ప్రకారం ఇచ్చినవి. మన పిల్లలకు మట్టిలోంచి వచ్చేది కొంకిపురుగు. పేగు గోడ పట్టుకుని రక్తం తాగుతుంది. తుమ్ములు తగ్గుతాయని రక్తహీనత తెచ్చుకోవడం ఏం బేరం? ఆల్బెండజోల్ మాత్రను నమిలి మింగమనండి. తుమ్ములకు వేరే చికిత్స ఉంది, ముక్కు చెవి గొంతు డాక్టరుకు చూపించండి. పిల్లవాడు పాలిపోయినట్టు కనిపిస్తే హిమోగ్లోబిన్ కూడా ఒకసారి చూపించుకోండి.