బెదురు కుక్కకు ఓపికున్న ఇల్లు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకుని ఉన్నాయి. అందుకే నాలుగింటికీ ఒకేచోట జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఎవరో కట్టేసి వదిలేసిన కుక్కను కాపాడి తెచ్చి, నాలుగు నెలలుగా మా ఇంట్లో ఉంచుకున్నాం. ఆడది, రెండేళ్ళుంటాయని డాక్టరు గారన్నారు. మాతో బాగానే ఉంటుంది. కొత్తవాళ్ళొస్తే మాత్రం సోఫా వెనక దూరి వణుకుతుంది. మూడు కుటుంబాలు వచ్చి చూశాయి. ఇద్దరు వద్దన్నారు, తీసుకెళ్ళిన మూడోవాళ్ళు ఐదో రోజే తిరిగి తెచ్చి ఇచ్చేశారు. దీనికి సరిపడే ఇల్లు ఎలా వెతకాలి?

జవాబు: ఐదో రోజే తిరిగొచ్చిందంటే తప్పు కుక్కది కాదు. బహుశా ఆ ఇంటివాళ్ళదీ కాదు. తోక ఊపుతూ ఎదురొచ్చే కుక్క కోసం వాళ్ళు ఎదురుచూశారు, వచ్చింది మూల వెతుక్కునే కుక్క. ఈ తేడా తెలిసీ సరేననేవాళ్ళను పట్టుకోవడమే మీ పనిలో ముఖ్యమైన భాగం.

ప్రకటనతో మొదలుపెట్టండి. ‘కొంచెం సిగ్గరి, ప్రేమ చూపిస్తే మారుతుంది’ అని రాస్తే, ప్రేమ చూపించడానికి తొందరపడేవాళ్ళే వస్తారు. అది ఏం చేస్తుందో అదే రాయండి. కొత్త మనిషి ఎంత దూరంలో ఉండగా బెదురుతుంది? బెదిరితే పారిపోతుందా, బిగుసుకుపోతుందా, గుర్రుమంటుందా? మీ పక్కన వచ్చి పడుకోవడానికి ఎన్ని వారాలు పట్టింది? ఏ చప్పుళ్ళకు ఉలిక్కిపడుతుంది? ఎప్పుడైనా పళ్ళు చూపి ఉంటే అదీ దాచకండి. రెండు చిన్న వీడియోలు చూపించండి: ఒకటి మీతో హాయిగా ఉన్నప్పటిది, రెండోది గుమ్మంలో కొత్తవాళ్ళు నిలబడ్డప్పటిది. రెండోది చూశాక కూడా ఫోన్ చేసినవాళ్ళతో మాట్లాడండి.

దాని గతాన్ని ఊహించి మాత్రం రాయొద్దు. బెదిరే ప్రతి కుక్కా దెబ్బలు తిన్నదే కానక్కర్లేదు. పుట్టిన మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా మనుషులు, ఇంటి చప్పుళ్ళు అలవాటు కాని పిల్లకు పెద్దయ్యాక ప్రతిదీ కొత్తే, ప్రతిదీ భయమే. ‘పాపం, ఎంత కొట్టారో’ అని జాలితో వచ్చేవాళ్ళు దాన్ని ఒళ్ళోకి తీసుకోవాలని చూస్తారు. ఇలాంటి కుక్కకు అంతకంటే పెద్ద భయం ఇంకోటి లేదు.

ఓపిక ఉందా అని అడిగితే లేదనేవాళ్ళు ఉండరు. అందుకని ఇలా అడగండి: రెండు నెలలు మిమ్మల్ని తాకనివ్వకపోతే ఏం చేస్తారు? గదిలో మూత్రం పోస్తే? వచ్చే మూడు నెలల్లో ఇంట్లో వేడుకలు, మరమ్మతులు, ఇల్లు మారడం లాంటివి ఉన్నాయా? మీ వీధి తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటుంది? ‘దాని మానాన దాన్ని వదిలేసి నా పని చేసుకుంటాను’ అన్న మనిషి దొరికితే వదులుకోకండి. ‘నా దగ్గరికి ఏ కుక్కయినా ఇట్టే వచ్చేస్తుంది’ అనేవాళ్ళతో జాగ్రత్త. మంచివాళ్ళే, కానీ మీద మీదకి వెళ్తారు.

పెద్ద తోట ఉండాలన్న పట్టింపు అక్కర్లేదు. గట్టి గేటు, సందుల్లేని ప్రహరీ ఉంటే చాలు. పరుగులు పెట్టే చిన్నపిల్లలున్న ఇల్లు దీనికి కష్టం. ఇంట్లో ఇప్పటికే నెమ్మదైన, మనుషులంటే ఇష్టపడే కుక్క ఒకటి ఉంటే అంతకంటే మంచి గురువు దొరకదు. అది మనిషి దగ్గరికి వెళ్ళడం చూసి ఇదీ అడుగేస్తుంది. అదే దూకుడుగా మీదపడే కుక్కయితే, ఉన్న ధైర్యమూ పోతుంది.

కలయికలు కనీసం మూడు పెట్టుకోండి. మొదటిది ఆరుబయట: మీరూ కుక్కా ఒక వరసలో, వాళ్ళు పది మీటర్ల అవతల ఇంకో వరసలో, ఒకే దిక్కుకు నడవాలి. దాని ఒళ్ళు సడలితేనే దూరం తగ్గించాలి. రెండోది మీ ఇంట్లో. వచ్చినవాళ్ళు నేలమీద పక్కకు తిరిగి కూర్చుని, దాని కళ్ళలోకి చూడకుండా, బఠాణీ గింజంత మాంసం ముక్కను కుక్క వెనక్కి విసరాలి. వెనక్కి ఎందుకంటే, ముక్క కోసం అది వాళ్ళకు దూరంగా వెళ్తుంది, భయం తగ్గుతుంది, ఇంకో ముక్క కోసం తనంతట తానే తిరిగొస్తుంది. చేతిలో పెట్టి పిలిస్తే తిండి ముందుకు లాగుతుంది, భయం వెనక్కి లాగుతుంది. ముక్క అందాక మనిషి ఎంత దగ్గరున్నాడో గమనించి హడలిపోతుంది. మూడోది వాళ్ళ ఇంట్లో, మీరూ పక్కన ఉండగా ఒక గంట. అక్కడ తింటే శుభసూచన. తోక ఊపనక్కర్లేదు.

ఆ తర్వాత మూడు నాలుగు వారాలు పరీక్షగా ఉంచుకోమనండి. ఏ కారణానికైనా, ఎప్పుడైనా కుక్క మీ దగ్గరికే రావాలని కాగితం మీద రాసుకోండి. పంపేటప్పుడు అది పడుకునే దుప్పటిని ఉతక్కుండా ఇవ్వండి, ఆ వాసనే దానికి తెలిసిన ఇల్లు. పది రోజులకు సరిపడా ఇప్పటి తిండి, దాని వేళలు, మీరు వాడే మాటలు కూడా వెంట పంపండి.

ప్రశ్న: దత్తత తెచ్చుకుని తొమ్మిది రోజులైంది. మంచం కిందే ఉంటుంది, రాత్రి మేం పడుకున్నాకే తింటుంది. బయటికి లాగి అలవాటు చేయాలా?

జవాబు: లాగకండి. దాక్కున్న చోటు కూడా భద్రం కాదని తెలిస్తే, తర్వాత మిగిలేది కరవడమే. రాత్రిళ్ళు తింటోంది, తిరుగుతోంది కాబట్టి కుదురుకుంటున్నట్టే. మొదటి మూడు రోజులు బిత్తరపోవడం, మూడు వారాలకు వేళలు తెలియడం, మూడు నెలలకు ఇల్లు తనదనుకోవడం అని ఒక లెక్క చెప్తారు. బెదురు కుక్కల విషయంలో అది ఇంకా సాగుతుంది.

మంచం కింద మీ చెయ్యి అందదు కాబట్టి, అదే గదిలో గోడవారగా ఒక బల్ల పెట్టి, మూడు వైపులా దుప్పటి వేలాడదీసి, లోపల దాని పక్క పరవండి. అది అక్కడికి మారాక, మంచం కింద లేని సమయం చూసి ఆ చోటును అట్టపెట్టెలతో మూసేయండి. రోజూ రెండుసార్లు పావుగంట చొప్పున ఆ గదిలో కూర్చుని మెల్లగా పైకి ఏదైనా చదువుకోండి, లేచేటప్పుడు రెండు ముక్కలు నేలమీద వదిలి వెళ్ళండి. రెండు వారాలు చుట్టాలు, స్నానాలు వద్దు. తిండి మార్చాలంటే వారం పట్టేలా కొద్దికొద్దిగా కలపండి.

గుర్రుమంటే తిట్టకుండా మీరే వెనక్కి జరగండి. ఆ చప్పుడు అది ఇచ్చే హెచ్చరిక. దాన్ని నోరు మూయిస్తే రేపు హెచ్చరించకుండానే కరుస్తుంది. వేడి లేకుండా రొప్పడం, ఊరికే ఆవలించడం, మూతి నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం అంతకుముందు మెట్లు. రెండు రోజులు ఏమీ తినకపోయినా, ఒక రోజంతా నీళ్ళు ముట్టకపోయినా డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: నడకకు తీసుకెళ్తే మోటారు చప్పుడుకు బెదిరి, వెనక్కి గింజుకుని పట్టీలోంచి తల తప్పించుకుంది. అదృష్టవశాత్తూ గేటు మూసి ఉంది. ఏం వాడాలి?

జవాబు: మామూలు మెడపట్టీ ఒక్కదాన్నే నమ్ముకోకండి. కుక్క వెనక్కి లాగినప్పుడు అది తలమీదుగా జారుతుంది. లాగితే కొద్దిగా బిగిసి ఆగిపోయే మార్టింగేల్ పట్టీ మెడకు, ఛాతీ చుట్టూ తిరిగే పట్టీల అల్లిక, అంటే హార్నెస్, ఒంటికి వేసి, ఒక్కోదానికి ఒక్కో తాడు కట్టండి. ఒక తాడు మీ నడుముకు ఉండాలి. హార్నెస్ కింద రెండు వేళ్ళు దూరాలి, అంతకంటే వదులొద్దు. పొట్ట సన్నబడే చోట మూడో పట్టీ ఉన్న రకమైతే మరీ మంచిది. పిడిలోకి తనంతట తానే చుట్టుకునే తాడు వద్దు: దాని ప్లాస్టిక్ పిడి చెయ్యి జారితే వెనకాలే దడదడలాడుతూ వస్తుంది, కుక్క దాన్నుంచి పారిపోతూనే ఉంటుంది. మీ ఫోన్ నంబరున్న బిళ్ళ ఇంట్లో కూడా మెడలోనే ఉండాలి.

తప్పించుకుంటే తరమకండి, పేరు పెట్టి అరవకండి. వీపు తిప్పి నేలమీద కూర్చుని తిండి చల్లండి. కనపడకుండా పోతే, తప్పిపోయిన చోటే దాని దుప్పటి, తిండి పెట్టి రాత్రి మనుషుల సందడి తగ్గాక దూరం నుంచి కనిపెట్టుకుని ఉండండి.

ప్రశ్న: భయానికి మందులుంటాయా? వాడితే మత్తులో పడి ఉంటుందేమోనని సందేహం.

జవాబు: ఉన్నాయి. నెలలు గడిచినా మార్పు లేకపోతే, ఆలోచించడానికి సంకోచించనక్కర్లేదు. ముందు నొప్పి, చెవుడు, చూపు, థైరాయిడ్ పరీక్షించమనండి. కీళ్ళ నొప్పి ఉన్న కుక్క కూడా తాకితే బెదురుతుంది. ఫ్లూఆక్సెటిన్ లాంటివి రోజూ ఇవ్వాలి, గుణం తెలియడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఉన్నట్టుండి మానేయకూడదు. సరైన మోతాదు కుక్కను పడుకోబెట్టదు, నేర్చుకునేంత నిబ్బరం ఇస్తుంది. అందుకే మందు వేస్తూనే ముక్కలు విసిరే అభ్యాసం సాగాలి. మనుషుల మాత్రలు మీ అంతట మీరు వేయొద్దు.